రెక్కల ఎగుమతి ఆగింది, సొరల చావు ఆగలేదు: వల దగ్గర ఏం చేయగలం?

తీరపుగాలి:
సొర రెక్కలు కోసుకుని మొండేన్ని సముద్రంలో పారేయడాన్ని మన దేశం 2013 ఆగస్టులో నిషేధించింది. రెక్కలు ఒంటికి ఉండగానే చేపను ఒడ్డుకు తేవాలన్నారు. 2015 ఫిబ్రవరిలో అన్ని జాతుల సొర రెక్కల ఎగుమతినీ ఆపేశారు. ఈ రెండు తేదీలు చెప్పి, ఇక సొరలకు వచ్చిన ముప్పేమీ లేదనేవాళ్లు చాలామంది ఉన్నారు. లెక్కలు వేరే చెబుతున్నాయి. 2024లో సైన్స్ పత్రికలో వచ్చిన అధ్యయనం ప్రకారం, ప్రపంచంలో సొరల మీద నిబంధనలు పది రెట్లకు పైగా పెరిగిన కాలంలోనే, వేటలో చచ్చే సొరల సంఖ్య ఏడాదికి కనీసం 7.6 కోట్ల నుంచి 8 కోట్లకు పెరిగింది. 2012 నుంచి 2019 మధ్య మాట ఇది. అందులో సుమారు 2.5 కోట్లు ప్రమాదంలో ఉన్న జాతులవే.

ఆ అధ్యయనంలో నన్ను ఆపేసిన అంకె ఇంకొకటి. నడిసముద్రపు వేటలో సొరల చావు 7 శాతం తగ్గింది. తీరానికి దగ్గరి నీళ్లలో 4 శాతం పెరిగింది. మన బోట్లు తిరిగేది ఆ దగ్గరి నీళ్లలోనే. కాబట్టి ఈ చర్చలో "సొరలను కాపాడాలి" అనే మాట దగ్గర ఆగకుండా, ఏ వలలో ఏది మారిస్తే ఎన్ని బతుకుతాయో తెలిసినవాళ్లు వివరంగా రాయండి.

రేవుమాట:
ముందు వ్యాపారం సంగతి తేల్చుకుందాం. సొర బరువులో రెక్కలు ఇంచుమించు ఇరవయ్యో వంతు. మిగతాదంతా మాంసం, చర్మం, కాలేయం, మృదులాస్థి. రెక్కలకే సొరను చంపే నౌకలు నడిసముద్రంలో ఉన్నాయి, వాటికి ఆ చట్టం తగిలింది. మన తీరంలో సొరను మాంసం కోసం కొంటారు. పచ్చిది పులుసుకూ సొర పుట్టు వంటకానికీ పోతుంది, మిగిలింది ఉప్పు పట్టించి ఎండబెడతారు. రెక్కకు ఒక్క రూపాయి రాకపోయినా వలలో పడ్డ సొర వేలంలో అమ్ముడుపోతుంది.

పైగా ఇళ్లలో వండుకునేవాళ్లు అడిగేది చిన్న సొరనే. పెద్దదాని మాంసం గట్టిగా ఉంటుంది, వాసన ఎక్కువ. సొర రక్తంలో, కండలో యూరియా ఉంటుంది. చచ్చాక సూక్ష్మజీవులు దాన్ని అమోనియాగా మారుస్తాయి. పట్టిన వెంటనే రక్తం కార్చి ఐసులో పెట్టకపోతే పెద్ద సొరకు రేవు చేరేలోపే ఘాటు ఎక్కుతుంది. అందుకే అర మీటరు, ముప్పావు మీటరు పిల్లలకు గిరాకీ. ఈడు రాని పిల్లలకు గిరాకీ ఉన్న చోట రెక్కల చట్టం చేయగలిగేది కొంచెమే.

సొరశాస్త్రం:
రేవుమాట గారు చెప్పిన "చిన్న సొర"లో రెండు రకాలు కలిసిపోతాయి, అక్కడే చిక్కు. ఒకటి పుట్టుకతోనే చిన్న జాతి. పలుగు ముక్కు సొర, శాస్త్రీయ నామం స్కోలియోడాన్ లాటికాడస్. ముప్పావు మీటరు దాటడం అరుదు. ఒకటి రెండేళ్లలో ఈడుకు వస్తుంది, గర్భం ఐదారు నెలలు, కాన్పుకు పది పన్నెండు పిల్లల దాకా పెడుతుంది. వేటను కొంతవరకు తట్టుకోగల సొర ఇదే.

రెండోది పెద్ద జాతుల పిల్లలు. సుత్తితల సొరల్లో అంచు నొక్కులున్న జాతి ఆడది ఈడుకు రావడానికి పదిహేనేళ్ల దాకా పడుతుంది. ఒక కాన్పులో పన్నెండు నుంచి నలభై పిల్లలు పెట్టినా, అవి ఆ పదిహేనేళ్లూ వల తప్పించుకోవాలి. అప్పుడే పుట్టిన దాని పొడవు అర మీటరు. బుట్టలో పక్కపక్కన పెడితే రెండూ చిన్న సొరలే, రేటూ దాదాపు ఒకటే. ఒకటి ముసలిదయ్యే వయసుకు ఇంకోటి పసిది.

నూనె కవ్వళ్లతో (సార్డిన్ చేపతో) పోల్చుకోండి. అది ఏడాదికల్లా ఈడుకొచ్చి వేల కొద్దీ గుడ్లు పెడుతుంది. ఒక ఏడు పాడైతే రెండు మూడేళ్లలో తేరుకుంటుంది. కవ్వళ్లను లెక్కపెట్టే పద్ధతిలో సొరలను లెక్కపెడితే, పడిపోయిందని తెలిసేసరికి ఇరవై ఏళ్లు ఆలస్యమవుతుంది. 2021లో ఐయూసీఎన్ (ఏ జాతి ఎంత ప్రమాదంలో ఉందో తేల్చే అంతర్జాతీయ సంస్థ) మదింపు చేసిన 1,199 సొర, టేకు (చదునైన ఒంటి రే చేప), కైమీరా (వీటి దూరపు బంధువు) జాతుల్లో 391 ప్రమాదంలో ఉన్నట్టు తేలింది. అన్నిటికీ ప్రధాన కారణం ఒకటే, మోతాదు మించిన వేట.

వలముడి:
ట్రాల్ వల గురించి రాస్తాను. బోటు వెనక లాగే వల అది, చివర చేప పోగయ్యే సంచి ఉంటుంది. తూర్పు తీరంలో సొర పిల్లలను, టేకులను ఎక్కువగా మింగేది అదే.

తాబేలు తప్పించుకునే పరికరం, అంటే టెడ్, అందరూ విన్నదే. వల గొంతు దగ్గర వాలుగా కూర్చోబెట్టిన ఇనుప కమ్మీల చట్రం. రొయ్య కమ్మీల సందులోంచి సంచిలోకి పోతుంది. పెద్ద జంతువు కమ్మీలకు తగిలి, వాలు వెంట జారి, మూత ఉన్న కంత లోంచి బయటపడుతుంది. తాబేలు కోసం చేసినా పెద్ద సొరకూ పనికొస్తుంది. ఉత్తర ఆస్ట్రేలియా రొయ్యల వేటలో కొలిచినప్పుడు మీటరు దాటిన సొరలు వలలో 86 శాతం, మీటరు దాటిన టేకులు 94 శాతం తగ్గాయి. చిన్నవి మాత్రం కమ్మీల మధ్య నుంచి సంచిలోకే పోయాయి. టెడ్ తల్లిని కాపాడుతుంది, పిల్లను కాపాడదు. ఇది తెలిసి వాడాలి.

టెడ్ సరిగ్గా పనిచేయకపోవడానికి సామాన్యంగా మూడు కారణాలు. వాలు తప్పడం మొదటిది. చట్రం మరీ నిలువుగా ఉంటే జంతువు కమ్మీలకు అతుక్కుపోతుంది, మరీ పడుకుంటే రొయ్య కూడా కంతలోంచి పోతుంది. అప్పుడు సరంగు కోపంతో కంత కుట్టేస్తాడు. రెండోది, చెత్తా నాచూ చట్రానికి అడ్డం పడటం. ప్రతి లాగుకూ చూసి దులపాలి. మూడోది మూత. అది ఎక్కువ పొడవుంటే బరువుకు అతుక్కుని తెరుచుకోదు.

పిల్లల కోసం చూడాల్సింది సంచి కన్ను. మామూలు వజ్రాకారపు కన్ను వల బిగిసేకొద్దీ మూసుకుపోతుంది. 40 మిల్లీమీటర్ల కన్ను అని రాసి ఉన్నా లాగేటప్పుడు అందులో చిటికెన వేలు దూరదు. అదే వలను కోణం తిప్పి చతురస్రపు కన్నుగా కుడితే బరువు పడ్డా తెరుచుకునే ఉంటుంది. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ ఏళ్లుగా చెబుతున్నది ఇదే. దీంతో చిన్న చేపలన్నిటికీ మేలు. అయితే అర మీటరు సుత్తితల పిల్ల ఆ కన్నులోంచి కూడా బయటపడలేదు, తల అడ్డం. దానికి మందు వలలో లేదు, వల వేసే చోటులో ఉంది. ఆంధ్ర తీరంలో ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల లోపు మరబోట్లకు వేట లేదు. సంప్రదాయ వేటగాళ్ల కోసం పెట్టిన గీత అది. లోతు తక్కువ, బురద నీళ్లు, నదీముఖాలు, పెద్ద సొరలు పిల్లలు పెట్టే చోట్లు చాలావరకు ఆ గీత లోపలే. ఆ ఒక్క నిబంధన నిజంగా అమలైతే సొర పిల్లలకు దాన్ని మించిన రక్షణ నాకు కనబడటం లేదు.

గాలంతాడు:
లాంగ్‌లైన్ వైపు నుంచి, అంటే వరసగా గాలాలు కట్టిన పొడవాటి తాడు. సూర (ట్యూనా చేప) కోసం వేసిన తాడుకు సొర పడుతుంది. ఇక్కడ మార్చగలిగినవి చాలా ఉన్నాయి, ఖర్చూ తక్కువే.

మొదట తాడు చివర గాలానికి కట్టే ముక్క. అది ఉక్కు తీగ అయితే సొర తెంపుకోలేదు. నైలాన్ మోనోఫిలమెంట్ అయితే కొరికి పోతుంది. నోట్లో గాలం ఉన్నా ఎక్కువగా బతుకుతుంది. పశ్చిమ, మధ్య పసిఫిక్ చేపల వేట సంఘం భూమధ్యరేఖకు రెండు వైపులా 20 డిగ్రీల దాకా ఉక్కు తీగను, సొర కోసమే వేసే ప్రత్యేక తాళ్లను 2024 నుంచి ఆపేసింది.

గుండ్రని గాలం గురించి ఒక పొరపాటు అభిప్రాయం ఉంది. జె ఆకారపు గాలం బదులు అది వాడితే సొరలు తక్కువ పడతాయనుకుంటారు. పడటం తగ్గదు, కొన్ని ప్రయోగాల్లో పెరిగింది కూడా. కారణం సూటిగానే ఉంది. జె గాలాన్ని సొర మింగేస్తుంది, నైలాన్ పళ్ల మధ్యకు వస్తుంది, కొరుకుతుంది. గుండ్రని గాలం దవడ మూలన గుచ్చుకుంటుంది, తాడు పళ్లకు దూరంగా ఉంటుంది, అందుకని తెగదు. కాని పేగులు చిరగవు కాబట్టి బోటు దగ్గరకు వచ్చేసరికి ప్రాణంతో ఉంటుంది. వదిలే అలవాటున్న బోటుకు గుండ్రని గాలం మంచిది. వదలని బోటులో దాని వల్ల సొరకు ఒరిగేదేమీ లేదు.

వదిలే పద్ధతి: సొరను నీళ్లలోంచి ఎత్తవద్దు. నీటిలో దాని బరువును నీరే మోస్తుంది. గాలిలోకి లేపితే లోపలి అవయవాలు సొంత బరువుకే నలుగుతాయి. కొక్కెం గుచ్చి లాగడం, తోక పట్టి వేలాడదీయడం, మొప్పల్లో చెయ్యి పెట్టడం, ఈ మూడూ చంపేవే. పక్కకు తెచ్చి, పొడుగు కర్రకు బిగించిన కత్తితో గాలానికి వీలైనంత దగ్గరగా తాడు కోయాలి. మీటర్ల కొద్దీ తాడు వదిలేస్తే అది ఈదేటప్పుడు ఒంటికి చుట్టుకుని కోస్తుంది. గాలం నోటి అంచున కనబడుతుంటే బోల్ట్ కట్టర్‌తో కాడను తెంపవచ్చు, లోపలికి పోయి ఉంటే తవ్వకండి. ఇంతా రెండు నిమిషాల పని.

ఇంకొకటి. సొర ముక్కు చుట్టూ విద్యుత్తును పసిగట్టే రంధ్రాలుంటాయి. గాలం పక్కన చిన్న విద్యుత్ స్పందన పుట్టించే పరికరం కట్టి ఫ్రాన్స్‌లో బ్లూఫిన్ సూర వేటలో పరీక్షించారు. 2022లో వచ్చిన ఫలితం ప్రకారం నీలి సొరలు 91 శాతం, నడిసముద్రపు టేకులు 71 శాతం తక్కువ పడ్డాయి. బ్యాటరీ, ధర ఇంకా అడ్డంకులే. కాని దారి సరైనది.

తీరపుగాలి:
సుత్తితల సొరను కూడా ఇలాగే వదిలితే బతుకుతుందా? నీళ్లలో గోడలా నిలబెట్టే గిల్‌నెట్ సంగతి కూడా ఎవరైనా చెప్పండి.

సొరశాస్త్రం:
సుత్తితల సొర కష్టం. కొన్ని సొరలు ముందుకు ఈదుతూ నోట్లోంచి నీటిని మొప్పల మీదుగా పారించుకునే ఊపిరి తీసుకుంటాయి. ఆగితే ఊపిరి ఆగినట్టే. సుత్తితలలో ఇది మరీ తీవ్రం. పెనుగులాటలో రక్తంలో ఆమ్లం త్వరగా పేరుకుంటుంది. వదిలాక ఈదుకుంటూ పోయినట్టే కనబడి ఆ తర్వాత చచ్చేవి ఎన్నో. పులి సొర, నీలి సొర అదే స్థితిలో బాగా తట్టుకుంటాయి. కాబట్టి సుత్తితలకు వదిలే పద్ధతి కంటే పడకుండా చూడటమే అసలు పని.

గిల్‌నెట్‌లో నిర్ణయించేది వల నీళ్లలో ఉన్న సమయం. సాయంత్రం వేసి తెల్లారి తీసే వలలో ఊపిరాడని సొర తెల్లారేదాకా ఉండదు. గంటకో రెండు గంటలకో వల తడిమి చూస్తే ప్రాణమున్నవి దొరుకుతాయి. అడుగు వలను నేల నుంచి కాస్త పైకి లేపి కడితే టేకులు, గిటారు చేపలు (టేకుల బంధువులు, ఆకారం గిటారులా ఉంటుంది) కింద నుంచి పోతాయి. మెక్సికో పసిఫిక్ తీరంలో గిల్‌నెట్లకు ఆకుపచ్చ ఎల్‌ఈడీ దీపాలు కట్టి చూశారు. 2022 ఫలితాల్లో సొరలు, టేకులు 95 శాతం తక్కువ పడ్డాయి, అమ్ముకునే చేప మాత్రం తగ్గలేదు. మన నీళ్ల మసక వేరు కాబట్టి ఇక్కడ విడిగా పరీక్షించి చూడాలి.

చట్టంపుట:
పేర్ల వల్ల వచ్చే ఇబ్బంది గురించి రాయకపోతే ఈ చర్చ అసంపూర్తి. 2001లో వన్యప్రాణి రక్షణ చట్టం మొదటి షెడ్యూలులో పది జాతులు చేర్చారు: తిమింగల సొర, పాండిచ్చేరి సొర, గంగా సొర, ఈటె పంటి సొర, మూడు రకాల రంపపు చేపలు, ఒక గిటారు చేప, రెండు టేకులు. ఆ గిటారు చేపకు రాసిన శాస్త్రీయ నామం రింకోబేటస్ జిడ్డెన్సిస్. అసలు ఆ జాతి ఉండేది ఆఫ్రికా తూర్పు తీరం, ఎర్ర సముద్రం వైపు. మన వలల్లో పడేవి ఆ కుటుంబంలోని వేరే జాతులు. రెక్కకు అతి ఎక్కువ ధర పలికే చేపల్లో ఇవి ముందుంటాయి. కాగితం మీద రక్షణ ఒక చేపకు, రేవులో పడేది ఇంకో చేప. జాతి పేరు తప్పితే కేసు ఎంత బలహీనమవుతుందో చెప్పనక్కర్లేదు. 2022 సవరణలో జాబితాను విస్తరించారు. మొదటి షెడ్యూలు జంతువు విషయంలో శిక్ష మూడు నుంచి ఏడేళ్లు, జరిమానా కనీసం 25,000 రూపాయలు.

దేశం దాటే వ్యాపారానికి సైటిస్ ఒప్పందం ఉంది. తిమింగల సొర 2002లో, మూడు పెద్ద సుత్తితలలు 2013లో, మాకోలు, గిటారు చేపల పెద్ద కుటుంబాలు 2019లో రెండో అనుబంధంలోకి వచ్చాయి. 2022లో పనామాలో రెక్వియం సొరల కుటుంబం మొత్తాన్నీ చేర్చారు, అది 2023 నవంబరు 25 నుంచి అమల్లో ఉంది. పాల సొర, పలుగు ముక్కు సొర కూడా ఆ కుటుంబంలోవే. రెండో అనుబంధం అంటే నిషేధం కాదు. ఈ ఎగుమతి వల్ల జాతికి చేటు లేదని దేశపు శాస్త్ర సంస్థ లెక్కతో చూపించాలి. లెక్క కావాలంటే రేవులో జాతివారీ నమోదు కావాలి. "సొరలు, 40 కిలోలు" అని రాసుకుంటే ఆ లెక్క ఎప్పటికీ రాదు.

రేవుమాట:
చట్టంపుట గారితో ఒక చోట విభేదిస్తాను. జాబితా పొడిగించి శిక్ష పెంచితే సొర బతకదు. వలలో చచ్చి వచ్చిన రక్షిత జాతిని ఒడ్డుకు తెస్తే జైలు అని తెలిసిన కళాసీ దాన్ని సముద్రంలోనే విసిరేస్తాడు. చేప ఎలాగూ చచ్చింది, ఇప్పుడు లెక్కా పోయింది. సొర మన దగ్గర ప్రధానంగా గురిపెట్టుకుని పట్టేది కాదు, వేరేదానితో కలిసి పడేది. వదిలినవాడికి నష్టం లేకుండా చూడాలి.

గుజరాత్ చేసి చూపించింది ఇదే. సౌరాష్ట్ర తీరంలో ఒకప్పుడు తిమింగల సొరను కాలేయం నూనె కోసం వేటాడేవారు, ఆ నూనె పడవలకు పూసేవారు. 2004 నుంచి వైల్డ్‌లైఫ్ ట్రస్ట్ ఆఫ్ ఇండియా, అటవీ శాఖ కలిసి ప్రచారం మొదలుపెట్టాయి. ప్రవచనకారుడు మొరారి బాపు దాన్ని పుట్టింటికి కాన్పుకు వచ్చిన ఆడపడుచుతో పోల్చి చెప్పారు. మాట ఒక్కటే అయితే నిలిచేది కాదు. వల కోసి సొరను వదిలితే తెగిన వలకు 25,000 రూపాయల దాకా పరిహారం ఇచ్చారు. మొదట్లో అధికారి వచ్చి చూసేదాకా చేపను వలలో ఉంచాల్సి వచ్చేది. తర్వాత బోటువాళ్లకే కెమెరాలిచ్చి, ఫొటో తీసి వదిలేస్తే చాలన్నారు. వలలో పడిన క్షణానికీ వదిలిన క్షణానికీ మధ్య దూరం అలా తగ్గింది. పరిహారం ఎంత అన్నదానికన్నా ఆ దూరాన్ని తగ్గించడం గొప్ప ఆలోచన.

చట్టంపుట:
ఒప్పుకుంటాను. నమోదు చేసినందుకు శిక్ష పడకూడదు. అమ్మినందుకు పడాలి.

వలముడి:
తిమింగల సొర మన అలివి వలల్లో (ఒడ్డుకు లాగేవి), రింగు వలల్లో (గుంపును చుట్టేసేవి) కూడా పడుతుంది. 2022 ఫిబ్రవరిలో విశాఖ దగ్గర తంతడి తీరానికి కొట్టుకొచ్చిన దాన్ని అటవీ శాఖ, మత్స్యకారులు కలిసి ప్రాణంతో సముద్రంలోకి పంపారు. పళ్లున్నా కరవని చేప, నీటిని వడకట్టి ప్లవకాలు తింటుంది. భయపడాల్సింది తోకకే, అది విసిరితే ఎముకలు విరుగుతాయి.

వలలో ఉంటే వలను ఒడ్డుకు లాగడం ఆపాలి, ఇదే మొదటి పని. ఇసుక మీదకు వస్తే దాని బరువే దానికి శత్రువు. తల వైపు, సముద్రానికి ఎదురుగా ఉన్న వైపు వల కోయాలి, తోక వైపు నుంచి మొదలుపెడితే అది వెనక్కి పోలేదు. మొప్ప చీలికల మీద వల, ఇసుక లేకుండా చూడాలి. తోకకు తాడు కట్టి పడవతో వెనక్కి ఈడ్చకూడదు. అలా ఈడిస్తే నీరు మొప్పల్లోకి తిరగబడి ఊపిరి ఆగుతుంది. అలల్లో చిక్కితే కెరటం వచ్చినప్పుడల్లా నలుగురైదుగురు రొమ్ము రెక్కల వెనక ఒంటికి చేతులు ఆనించి తలను సముద్రం వైపు తిప్పాలి. పోటు వచ్చేదాకా ఆగాల్సి వస్తే తడి గోనెలు కప్పి మొప్పలు నీటిలో ఉండేలా ఇసుక తవ్వాలి. వీపు మీద ఎక్కి ఫొటోలు దిగేవాళ్లను దూరం పెట్టడానికి ఇద్దరిని నిలబెట్టండి, అదీ సాయమే.

పోషకం:
మన ఇళ్లకు సంబంధించిన మాట. బాలింతకు పాలు పడతాయని పాల సొర పెడతారు. ఇంగ్లిషులో ఆ చేపకు వచ్చిన పేరు కూడా మన దేశపు ఈ నమ్మకం నుంచే. పాలు పెరుగుతాయనడానికి శాస్త్రీయ రుజువు లేదు. ప్రమాదం మాత్రం తెలిసిందే. సొర వేటాడి తినే చేప, తిన్న ప్రతి చేపలోని మిథైల్ మెర్క్యురీ దాని కండలో పోగవుతుంది. అది మాంసకృత్తులకు అంటుకుని ఉంటుంది, ఉడికించినా వేయించినా పోదు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, చిన్నపిల్లలు సొర తినకూడదని అమెరికా ఆహార, ఔషధ సంస్థ స్పష్టంగా చెబుతోంది. ఆ స్థానంలో నెత్తళ్లు, కవ్వళ్లు పెట్టండి. మాంసకృత్తులు, మంచి కొవ్వు రెండూ ఉన్నాయి, పాదరసం చాలా తక్కువ. ముందు ఇంట్లో పెద్దావిడకు నచ్చజెప్పాలి, వండేది ఆవిడే.

ఇంకో నమ్మకం మృదులాస్థి పొడి. క్యాన్సరుకు పనిచేస్తుందని అమ్ముతారు. ఊపిరితిత్తుల క్యాన్సరు రోగులు 379 మందితో జరిగిన పరీక్షలో ప్రయోజనం కనబడలేదని 2010లో ప్రచురించారు.

గాలంతాడు:
కాలేయం మాటా చేర్చండి. లోతు నీళ్లలోని గల్పర్ సొరలను స్క్వాలీన్ నూనె కోసం పడతారు. దాన్నుంచి చేసే స్క్వాలేన్ సౌందర్య సాధనాల్లో వాడతారు. కాన్పుకు ఒకటి రెండు పిల్లలే. మాల్దీవుల్లో 1980ల్లో మొదలైన ఆ వేట కొద్ది ఏళ్లకే కుప్పకూలింది. ముఖానికి రాసుకునే నూనె కొనేటప్పుడు స్క్వాలేన్ ఆలివ్ నుంచో చెరకు నుంచో వచ్చిందని సీసా మీద రాసి ఉందేమో చూడండి. రాయకపోతే కంపెనీని అడగండి.

తీరపుగాలి:
2024 నవంబరు 21న సొరల మీద జాతీయ కార్యాచరణ ప్రణాళిక విడుదలైంది. దానికి రేవు నుంచి సమాచారం కావాలి. మామూలు ఫోనుతో ఏం తీస్తే శాస్త్రవేత్తలకు పనికొస్తుంది?

సొరశాస్త్రం:
ఒక్కో చేపకు నాలుగు ఫొటోలు. పక్క నుంచి పూర్తి పొడవు, పక్కన కొలత టేపు కానీ తెలిసిన పొడవున్న కర్ర కానీ పెట్టి. తల కింది వైపు, నోరూ ముక్కు రంధ్రాలూ కనబడేలా. మొదటి వీపు రెక్క విడిగా, ఎందుకంటే జాతి చెప్పడంలో అదే ముఖ్యం: సుత్తితలది సన్నగా బాగా ఎత్తుగా ఉంటుంది, మహాసముద్రపు తెల్లకొన సొరది గుండ్రంగా వెడల్పుగా, కొన మీద తెల్లటి మచ్చలతో ఉంటుంది. చివరిది పొత్తికడుపు కింది రెక్కలు. అక్కడ వేళ్లలాంటివి రెండుంటే మగది, లేకపోతే ఆడది. వేళ్లు మెత్తగా ఉంటే ఈడు రానిది, గట్టిపడితే వచ్చింది.

పిల్ల అయితే రొమ్ము రెక్కల మధ్య కడుపు వైపు చూడండి. మావితో పెరిగిన జాతులకు అక్కడ బొడ్డు మచ్చ ఉంటుంది. తెరుచుకుని ఉంటే పుట్టి రోజులే, గీతలా మూసుకుంటే వారాలు. తేదీ, వల రకం, ఎంత లోతులో, ఏ ఊరికి ఎదురుగా పడిందో దాని పక్కనే రాయండి. తెరిచిన బొడ్డు మచ్చలు ఒకే చోట, ఒకే నెలలో మళ్లీ మళ్లీ కనబడితే సొరలు కాన్పుకు వచ్చే చోటు అదే. 8 కిలోమీటర్ల గీతలో ఏ ముక్కను, ఏ నెలల్లో ముందు కాపలా కాయాలో అధికారులకు చూపించడానికి ఆ కాగితం చాలు.